కొకెయిన్ మానడానికి చికిత్స అవసరమా? అవసరమైతే ఇంటి నుంచి వెళ్లి రావాలా, కేంద్రంలో చేరాలా?

ప్రశ్న

నాకు 38 ఏళ్లు. పెళ్లయింది, చిన్న పాప ఉంది, ఉద్యోగం సవ్యంగానే సాగుతోంది. కొన్నేళ్ల క్రితం శనివారం రాత్రి స్నేహితుల మధ్య మాత్రమే ఉన్న కొకెయిన్ వాడకం ఈమధ్య వారం మధ్యలోకి కూడా పాకింది. మద్యం తాగని రోజున దాని జోలికి పోను కాబట్టి ఇది వ్యసనం కాదేమో అన్న ఆలోచన ఇంకా ఎక్కడో ఉంది. కానీ ఇప్పుడు రెండో గ్లాసు పూర్తయ్యేలోపే చెయ్యి ఫోన్ మీదికి పోతోంది. సరుకు ఇచ్చే మనిషికి కబురు వెళ్లిపోయాక గానీ పంపానన్న స్పృహ కలగడం లేదు.

మానేసిన సందర్భాలూ ఉన్నాయి. మొదట ఒళ్లు తెలియని నిద్ర, ఆగని ఆకలి, ఆ తర్వాత ఏ పని మీదా, ఏ మనిషి మీదా మనసు నిలవని దిగులు వస్తాయి. అవి దాటితే కొన్ని వారాలు నిశ్చింతగానే గడుస్తాయి. ఆపైన జీతం పడిన రోజునో, ఇంట్లో మాటా మాటా పెరిగిన రోజునో కథ మళ్లీ మొదటికొస్తుంది. మా ఆవిడకు వాడకం సంగతి తెలుసు, ఎంత డబ్బు పోయిందో తెలియదు. పోయిన నెలలో ఒక రాత్రి గుండె దడ ఎంతకీ తగ్గక తెల్లవారేదాకా మంచం అంచున కూర్చుని ఉండిపోయాను. ఆసుపత్రికి వెళితే కారణం చెప్పవలసి వస్తుందన్న భయంతో వెళ్లలేదు.

రోజూ ఉద్యోగానికి వెళ్లగలుగుతున్న నాలాంటివాడికి చికిత్స నిజంగా అవసరమా, గట్టిగా అనుకుంటే సరిపోదా అన్నది నా మొదటి సందేహం. అవసరమే అయితే నెల రోజులు కేంద్రంలో చేరిపోవడం మేలా, ఉద్యోగం చేసుకుంటూ వారానికి కొన్నిసార్లు వెళ్లి వచ్చే చికిత్స చాలునా అన్నది రెండోది. ఏ కేంద్రం వివరాలు చదివినా తమ పద్ధతే తిరుగులేనిదని రాసుకున్నారు. కోరికను చంపే మాత్ర ఏదైనా ఉందా అని కూడా తెలుసుకోవాలని ఉంది. చికిత్స చేసేవారు, పొందినవారు, ఇంట్లో ఇటువంటి మనిషిని కాచుకున్నవారు చెబితే మేలు చేసినవారవుతారు. దయచేసి కేంద్రాల ప్రకటనలు మాత్రం పెట్టవద్దు.

మొదటి సమాధానం: వ్యసన చికిత్స చేసే మానసిక వైద్యురాలు

అన్నిటికంటే ముందు ఆ గుండె దడ సంగతి చూడాలి. ఎక్కడ చేరాలో తేల్చుకునే దాకా ఆగకుండా ఈ వారంలోనే ఒక వైద్యుడి దగ్గర రక్తపోటు చూపించుకుని ఈసీజీ తీయించుకోండి. కొకెయిన్ గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచుతూ, అదే సమయంలో గుండెకు రక్తం అందించే నాళాలను బిగుసుకుపోయేలా చేస్తుంది, రక్తం గడ్డకట్టే గుణాన్ని కూడా పెంచుతుంది. వాడిన తర్వాతి మొదటి గంటలో గుండెపోటు ముప్పు మామూలు కంటే సుమారు 24 రెట్లు ఉంటుందని 1999లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. మద్యం తాగిన రోజునే వాడతాను అన్న మీ మాట ఇక్కడ ఊరటనివ్వదు. ఆ రెండూ కలిసినప్పుడు కాలేయంలో కోకాఎథిలీన్ అనే పదార్థం తయారవుతుంది. అది కొకెయిన్ కంటే ఎక్కువసేపు శరీరంలో ఉంటుంది, గుండెకు ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఛాతీలో నొప్పి, ఊపిరి అందకపోవడం, ఫిట్స్, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, మాట తడబడడం, ఒళ్లు కాలిపోయేంత వేడి వంటివి కనిపిస్తే తెల్లవారనివ్వకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి, వెళ్లాక కొకెయిన్ వాడానని దాచకుండా చెప్పాలి. గుండెనొప్పికి వాడే బీటా బ్లాకర్ల వంటి కొన్ని మందుల విషయంలో, కొకెయిన్ ఒంట్లో ఉందని తెలిస్తే మేం వేరే విధంగా నిర్ణయం తీసుకుంటాం. అలాగే, మానిన తర్వాత వచ్చే ఆ దిగులులో చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఎప్పుడైనా తొంగిచూస్తే, ఏ కేంద్రం మంచిదని వెతుకుతూ కూర్చోకండి. అదే రోజు, ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. కొకెయిన్ మానినప్పుడు శరీరానికి ప్రాణాపాయం అరుదు, అసలు ప్రమాదం ఈ దిగులు నుంచే వస్తుంది.

చికిత్స అవసరమా అన్నదానికి ఉద్యోగం కొలబద్ద కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ప్రచురించిన డీఎస్ఎం-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం ఈ రుగ్మతకు 11 లక్షణాలు చెబుతుంది. ఒక 12 నెలల కాలంలో వాటిలో రెండు మూడు కనిపిస్తే స్వల్పమనీ, నాలుగైదు ఉంటే మధ్యస్థమనీ, ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే తీవ్రమనీ లెక్క. ఉద్యోగంలో, ఇంట్లో బాధ్యతలు నెరవేర్చలేకపోవడం ఆ 11లో ఒక్కటి మాత్రమే. అనుకున్నదానికంటే ఎక్కువ వాడడం, మానబోయి మానలేకపోవడం, ఉండబట్టలేని కోరిక, ఇంట్లో గొడవలవుతున్నా కొనసాగించడం, మానగానే అతినిద్రా దిగులూ ముంచుకురావడం మీరు రాసిన దాంట్లోనే నాకు కనిపిస్తున్నాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడకుండా రోగ నిర్ధారణ చెయ్యకూడదు, నేను చెయ్యడం లేదు. అయినా చికిత్స అవసరమా అని అడిగారు కాబట్టి అవసరమేనని చెబుతాను. పూర్తిగా పతనమైతే తప్ప చికిత్స ఒంటబట్టదన్న మాట మీ చెవిన పడి ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. ఇల్లూ ఉద్యోగమూ నిలిచి ఉన్నప్పుడు మొదలుపెట్టినవారికే చికిత్స తేలిక.

గట్టిగా అనుకుంటే చాలదా అన్నారు. మెదడులో డోపమైన్ అనే రసాయనం విడుదలైన తర్వాత దాన్ని తిరిగి లోపలికి తీసుకునే ద్వారాన్ని కొకెయిన్ మూసేస్తుంది, దానివల్ల ఆ రసాయనం పేరుకుపోయి ఉల్లాసం కలుగుతుంది. ఇది పదే పదే జరిగేసరికి ఆ ఉల్లాసానికి ముందు వచ్చే గుర్తులు, మీ విషయంలో మద్యం గ్లాసు, జీతం పడిన కబురు, తామే కోరికను లేపేంత బలం తెచ్చుకుంటాయి. మీకు సంకల్పం లేదని నేను అనను. వారాల తరబడి మానగలిగారంటే అది ఉన్నట్టే. ఆ గుర్తులు ఎదురైన పది నిమిషాల్లో ఏం చెయ్యాలో ముందే నేర్చుకుని ఉండకపోతే సంకల్పం ఆ సమయానికి అక్కరకు రాదు. చికిత్సలో ఎక్కువ భాగం ఆ నేర్పుకు సంబంధించినదే.

మాత్ర సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. హెరాయిన్ వంటి ఓపియాయిడ్ల (నల్లమందు తరహా మత్తుమందుల) వ్యసనానికి మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ అనే మందులు ఉన్నట్టుగా, కొకెయిన్ వ్యసనానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన మందు ఒక్కటీ లేదు. డైసల్ఫిరామ్, టోపిరమేట్, మొడాఫినిల్ వంటివాటిని పరీక్షించారు, ఫలితాలు నిలకడగా రాలేదు. టీకా కూడా ప్రయత్నించారు, అదీ ఆశించినట్టు పనిచెయ్యలేదు. వెంట ఉన్న కుంగుబాటుకో, బైపోలార్ రుగ్మతకో, ఏకాగ్రత కుదరనివ్వని ఏడీహెచ్‌డీకో మందులు ఇవ్వవలసి రావచ్చు, ఇస్తే మేలే జరుగుతుంది. కొన్ని రోజుల సెలైన్‌తో కోరికను కడిగేస్తామని ఎవరైనా హామీ ఇస్తే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి.

ఇక ఎక్కడ అన్న ప్రశ్న. ఇంటి నుంచి వెళ్లి వచ్చే చికిత్స మీకు మొదటి మెట్టుగా సరిపోతుందనిపిస్తోంది, అయితే అది కొన్ని విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఇంట్లోనే మరొకరు వాడుతున్నా, ఆత్మహత్య ఆలోచనలున్నా, లేని మాటలు వినిపించడం, అందరూ తనను వెంటాడుతున్నారన్న అనుమానాలు వాడకం ఆగిన తర్వాత కూడా తగ్గకపోయినా, వెళ్లి వచ్చే చికిత్సలో నిజాయితీగా ప్రయత్నించి విఫలమైనా లోపల చేరడమే మంచిది. మద్యం సంగతి విడిగా అడుగుతాను. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. నిద్రమాత్రలుగా, ఆందోళనకు వాడే బెంజోడయాజపైన్ల విషయంలోనూ అంతే. వాటిలో ఏదైనా రోజూ తీసుకుంటూ ఉంటే ఇంట్లో మీ అంతట మీరు ఆపకండి, ఆ మొదటి రోజులు వైద్యుల కనుసన్నల్లో గడవాలి.

అమెరికాలో 11 నగరాల్లో 1,605 మంది కొకెయిన్ రోగులను చికిత్స తర్వాత ఏడాదికి పరిశీలించి 1999లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. మద్యం, మానసిక రుగ్మత, నిరుద్యోగం, ఆసరా లేకపోవడం వంటి సమస్యలు ఎక్కువగా పేరుకున్నవారిలో, కేంద్రంలో 90 రోజులు దాటి ఉన్నవారికి మేలు స్పష్టంగా కనిపించింది. సమస్యలు తక్కువగా ఉన్నవారికి అంత దీర్ఘకాలం లోపల ఉండవలసిన అవసరం కనిపించలేదు. మీరు అడిగిన నెల రోజులన్నది వైద్యం నిర్ణయించిన గడువు కాదు. చికిత్స ఎక్కడ మొదలైనా మొత్తం మీద మూడు నెలలకు తగ్గకుండా సాగాలన్న లెక్కతో మీ సెలవులూ మీ ఖర్చూ చూసుకోండి.

రెండో సమాధానం: ఔట్‌పేషెంట్ (ఇంటి నుంచి వెళ్లి వచ్చే చికిత్స) కేంద్రంలో కౌన్సెలర్

డాక్టరుగారు చెప్పినదానికి చేర్పుగా, ఆ కేంద్రం గోడల లోపల ఏం జరుగుతుందో అడగమని చెబుతాను. భవనం, తోట, గదులు చూసి చేరిన చాలామందికి రోజంతా అక్కడ ఏం చేస్తారో చేరేదాకా తెలియదు.

కొకెయిన్ విషయంలో ఇప్పటివరకు అన్నిటికంటే బలమైన ఆధారాలున్న పద్ధతిని కంటింజెన్సీ మేనేజ్‌మెంట్ అంటారు. 1990ల ఆరంభంలో అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిగ్గిన్స్ బృందం దీన్ని కొకెయిన్ రోగులకు వర్తింపజేసింది. రోగి వారానికి మూడుసార్లు వచ్చి మూత్ర పరీక్ష ఇస్తాడు. కొకెయిన్ ఆనవాలు లేకపోతే అక్కడికక్కడే ఒక వోచరు అందుతుంది. వరుసగా శుభ్రంగా వచ్చినకొద్దీ దాని విలువ పెరుగుతుంది, మధ్యలో ఒకటి తప్పితే మళ్లీ మొదటి విలువకు పడిపోతుంది. 1994లో ఆ బృందం ప్రచురించిన పరీక్షలో, ఒకే రకమైన కౌన్సెలింగ్ పొందిన రెండు వర్గాల్లో వోచర్లు అందినవారు 75 శాతం మంది చికిత్సను 24 వారాల పాటు చివరిదాకా కొనసాగించారు, అందనివారిలో 40 శాతం మందే మిగిలారు. తర్వాత నాన్సీ పెట్రీ అనే పరిశోధకురాలు దీన్ని తక్కువ ఖర్చుతో నడిపే మార్గం చూపారు. గాజు గిన్నెలో చీటీలు ఉంటాయి, శుభ్రంగా వచ్చినవారు చెయ్యి పెట్టి తీస్తారు. దాదాపు సగం చీటీల మీద మెచ్చుకోలు మాట తప్ప ఏమీ ఉండదు, మిగిలినవాటిలో ఎక్కువ చిన్న బహుమతులకు, కొన్ని పెద్దవాటికి ఉంటాయి.

పెద్దవాళ్లకు లంచం పెట్టి మాన్పించడమేమిటని చాలామంది ముఖం చిట్లిస్తారు. నేను ఆ బల్ల దగ్గర కూర్చునేదాన్ని కాబట్టి చెబుతున్నాను. పరీక్ష పట్టీ మీద రెండు గీతలు (అంటే ఆనవాలు లేదని) తేలేదాకా మనిషి ఊపిరి బిగబట్టి చూస్తాడు. తేలాక చేతికందేది చిన్న కాగితమే అయినా, ఈరోజు చేసిన పనికి ఈరోజే ఫలితం కళ్లబడుతుంది. కొకెయిన్ ఇచ్చే ఫలం నిమిషాల్లో వస్తుంది, మానడం వల్ల వచ్చే మంచి నెలలకు గానీ రాదు. ఆ మధ్య ఖాళీని ఏదో ఒకటి పూరించాలి. 2018లో 50 పరీక్షలనూ దాదాపు 7,000 మంది రోగులనూ కలిపి చూసిన ఒక విశ్లేషణలో కూడా, కొకెయిన్, యాంఫెటమైన్ వంటి ఉత్ప్రేరకాల వ్యసనానికి ఈ పద్ధతీ, దానితో పాటు కుటుంబం, పని, స్నేహాలు, కాలక్షేపాలను తిరిగి కట్టుకునేలా చేసే కమ్యూనిటీ రీఇన్‌ఫోర్స్‌మెంట్ పద్ధతీ కలిసినప్పుడే అన్నిటికంటే మంచి ఫలితాలు కనిపించాయి.

ఇది అన్ని చోట్లా దొరకదు. దొరకనప్పుడు ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ తెలిసిన కౌన్సెలరునూ, క్రమం తప్పని మూత్ర పరీక్షలనూ, బృంద చర్చలనూ కలిపి ఇచ్చే చోటు చూసుకోండి. ఖరీదైన మనోవిశ్లేషణ లేకపోతే నష్టపోతామేమోనని బెంగపడనక్కర్లేదు. 487 మంది మీద జరిగి 1999లో వెలువడిన అమెరికా పరీక్షలో, విడిగా వ్యసన కౌన్సెలింగూ దానితో పాటు బృంద కౌన్సెలింగూ పొందినవారు, వృత్తిగా మానసిక చికిత్స చేసే నిపుణుల దగ్గర చికిత్స పొందినవారి కంటే ఎక్కువ మెరుగయ్యారు.

ఫోన్ చేసినప్పుడు నేనైతే ఇవి అడుగుతాను: చేర్చుకునే ముందు నన్ను పరీక్షించి, మీ దగ్గర చేరే అవసరం లేదని తేలితే ఆ మాట నాకు చెబుతారా? పరీక్షలు ఎన్నాళ్లకోసారి చేస్తారు, ఒకసారి తేడా వస్తే బయటికి పంపేస్తారా? మానసిక వైద్యుడు ఎప్పుడెప్పుడు వస్తారు? కార్యక్రమం ముగిసిన తర్వాతి ఆరు నెలల్లో నన్ను ఎవరు పలకరిస్తారు? వచ్చినవారిని అందరి ముందూ తిట్టి, అవమానించి మారుస్తామనే చోట్లు ఇంకా ఉన్నాయి. అటువంటివాటికి దూరంగా ఉండండి. కట్టేయడం, కొట్టడం, కుటుంబంతో మాట్లాడనివ్వకపోవడం చికిత్స అనిపించుకోవు. నూటికి నూరు శాతం నయం చేస్తామనే మాట కూడా నాకు హెచ్చరిక లాగే వినిపిస్తుంది.

మూడో సమాధానం: కేంద్రంలో ఉండి వచ్చినవాడు

నేను కేంద్రంలో చేరడానికి కారణం నా గదే. నాతో అద్దె పంచుకున్నవాళ్లు వాడేవాళ్లు, బల్ల మీద సరుకు ఉండేది, సాయంత్రం కౌన్సెలింగ్ నుంచి వచ్చి అదే గదిలో పడుకోవాలి. అలాంటి చోట నుంచి వెళ్లి వచ్చే చికిత్స నిలిచే అవకాశం లేదని నన్ను పరీక్షించిన వైద్యుడు చెప్పారు, అది నిజం. మీకు ఇల్లుంది, ఇంట్లో వాడని మనిషి ఉంది. నా అనుభవాన్ని మీ పరిస్థితికి యథాతథంగా తగిలించకండి.

లోపల ఉన్నన్నాళ్లూ కోరిక ఇంత తేలిగ్గా చల్లబడిందేమిటని ఆశ్చర్యపోయాను. దాన్ని లేపేవేవీ అక్కడ లేవు, ఫోన్ లేదు, డబ్బు లేదు, ఆ మనుషులు లేరు. బయటికి వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకుని తెరిచిన క్షణాన, పాత సంభాషణల వరుసలో అతని పేరు కనబడగానే నోట్లో నీళ్లూరాయి, కడుపులో తిప్పింది. బుద్ధి ఏమీ అనుకోకముందే ఒళ్లు సిద్ధమైపోయింది. అందుకే కేంద్రంలో చేరేవారెవరైనా, బయటికి వచ్చిన మర్నాటి నుంచి వెళ్లవలసిన ఔట్‌పేషెంట్ అపాయింట్‌మెంట్ తేదీ చేతిలో ఉంటే తప్ప బయటికి రాకూడదని నా గట్టి అభిప్రాయం. మీరు ఇంటి నుంచి వెళ్లి వచ్చేటట్లయితే ఇదే పనిని మొదటి రోజు నుంచే చెయ్యవలసి వస్తుంది. నంబరు మార్చడం, ఆ స్నేహితుల గుంపులోంచి బయటికి రావడం, జీతం పడే ఖాతా మీద ఇంకొకరి కన్ను ఉండేలా చూడడం. మద్యం కూడా ఆపవలసిందే, కనీసం కొన్ని నెలలు. రెండో గ్లాసు తర్వాత ఏం జరుగుతుందో మీరే రాశారు కదా.

నిద్ర గురించి ఎవరూ ముందుగా చెప్పలేదు. మొదటి రోజుల మొద్దునిద్ర తీరాక, కొన్ని వారాల పాటు రాత్రంతా పడుకున్నట్టే ఉన్నా ఉదయానికి తల మొద్దుబారి ఉండేది, ఏ సంగతీ గుర్తుండేది కాదు. ఇది కొకెయిన్ మానినవారిలో పరిశోధకులు నమోదు చేసిన విషయమేనని తర్వాత తెలిసింది. చికిత్స పనిచెయ్యడం లేదనుకుని చాలామంది వదిలేసి వెళ్లేది సరిగ్గా ఆ వారాల్లోనే.

స్వయం సహాయక బృందాలకు నేను ఇప్పటికీ వెళ్తాను. 1982లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన కొకెయిన్ అనానిమస్ చాలా దేశాల్లో సమావేశాలు జరుపుతుంది, రుసుము లేదు, ఆన్‌లైన్‌లో కూడా చేరవచ్చు. అందులో వచ్చే దైవం ప్రసక్తి కొందరికి నచ్చదు, అటువంటివారికి స్మార్ట్ రికవరీ వంటి మార్గాలున్నాయి. వైద్యానికి బదులుగా వీటిని పెట్టుకోవద్దు. వైద్యం అయిపోయాక కూడా సాయంత్రాల్లో ఎవరో ఒకరు ఉండడానికి ఇవి పనికొస్తాయి.

నాలుగో సమాధానం: ఒక అక్క

తమ్ముడూ, అలా పిలిచినందుకు ఏమీ అనుకోవద్దు. మీ వయసు తమ్ముణ్ణి ఈ దారిలోనే చూసుకున్నాను. డాక్టర్లు చెప్పినవాటి గురించి చెప్పేంత చదువు నాకు లేదు, మీ ఇంటావిడ గురించి మాత్రం నాలుగు మాటలు రాస్తాను.

డబ్బు సంగతి చెప్పకుండా చికిత్సకు వెళ్లాలని మీరు అనుకుంటూ ఉంటే అది సాగదు. చికిత్స మొదలైన కొద్ది వారాలకే అప్పులవాళ్ల ఫోనో, బ్యాంకు కాగితమో ఆమె చేతికి చేరుతుంది, అప్పుడు మానడం కూడా అబద్ధమే అనుకుంటుంది. మా తమ్ముడు తన భార్యకు ఆ లెక్కంతా కౌన్సెలరు గదిలో, మూడో మనిషి సమక్షంలో, కాగితం మీద రాసి ఇచ్చాడు. మా మరదలు ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని ఏమీ మాట్లాడకుండా బయటికి వెళ్లి కాసేపటికి తిరిగి వచ్చింది. గొడవ జరిగింది, తర్వాత చాలారోజులు జరుగుతూనే ఉంది, అయినా దాచినది ఇంకేమీ లేదన్న ధైర్యంతో వాడు వారం వారం వెళ్లగలిగాడు.

కుటుంబానికి కూడా నేర్పే పద్ధతి ఒకటుంది, దాన్ని క్రాఫ్ట్ అంటారు. రాబర్ట్ మేయర్స్ అనే అమెరికన్ రూపొందించారు. మనిషి శుభ్రంగా ఉన్న సాయంత్రం ఎలా దగ్గరగా మెలగాలి, వాడి వచ్చిన రాత్రి వాదనకు దిగకుండా ఎలా తప్పుకోవాలి, ఆ మనిషి చేసినదానికి మనం అబద్ధాలు చెప్పి కప్పిపుచ్చడం ఎలా ఆపాలి, చికిత్స మాట ఏ సమయంలో ఎత్తాలి అన్నవి నేర్పుతారు. చికిత్సకు రానని మొండికేసిన వారిని ఈ పద్ధతితో దాదాపు మూడింట రెండు వంతుల మందిని రప్పించగలిగారని పరీక్షల్లో తేలింది. మీరు వస్తానంటున్నారు కాబట్టి రప్పించవలసిన పని లేదు, కానీ ఆమెకు కూడా ఇటువంటి కౌన్సెలింగ్ ఇచ్చే చోటు దొరికితే దాన్నే ఎంచుకోండి. ఇన్నాళ్లూ ఆమె ఒంటరిగా మోసింది, ఆమెకూ ఒకరు కావాలి. పాప ఉన్న ఇల్లు కనుక ఇంకొక మాట. ఇంట్లో మిగిలి ఉన్నది ఏదైనా ఉంటే ఈ పూటే తీసేయండి, చిన్న చేతులకు అందితే కొద్దిపాటిది కూడా ప్రాణం తీస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. ఈసీజీ తీయించుకోవడానికి రేపటికి సమయం తీసుకున్నాను. అక్కగారి మాట చదివాక మా ఆవిడతో డబ్బు సంగతి మాట్లాడాలని నిశ్చయించుకున్నాను, కౌన్సెలరు గదిలో అయితేనే నాకూ ధైర్యం వస్తుందనిపిస్తోంది. మద్యం రోజూ తాగను, నిద్రమాత్రలు వాడను. ఇంకా రెండు భయాలున్నాయి. ఆఫీసుకు తెలిస్తే ఏమవుతుందన్నది ఒకటి. చికిత్సలో ఉండగా ఒకసారి జారిపోతే అంతా వృథా అయిపోతుందా, అప్పుడు ముఖం చెల్లక మళ్లీ వెళ్లలేనేమో అన్నది రెండోది.

మళ్లీ వైద్యురాలు

ఆఫీసు విషయంలో చట్టాలు దేశానికో రకంగా ఉంటాయి కాబట్టి, ఎవరికైనా చెప్పే ముందు మీ గోప్యతకు ఏ హామీ ఉందో, పరీక్షల వివరాలు ఎవరెవరికి వెళతాయో చికిత్స చేసేవారినే నేరుగా అడగండి. సాధారణంగా సెలవు కోసం ఇచ్చే ధ్రువపత్రంలో వైద్య చికిత్సలో ఉన్నారని రాస్తే చాలు, జబ్బు పేరు రాయనక్కర్లేదు. వాహనాలు, యంత్రాలు నడపడం, ఇతరుల ప్రాణాలకు బాధ్యత వహించడం వంటి ఉద్యోగమైతే లెక్క వేరు, ఆ సంగతి మొదటి రోజే నాతోనో మరో వైద్యుడితోనో చెప్పాలి.

జారడం గురించి చెబుతాను. మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం వంటి దీర్ఘవ్యాధుల్లో చికిత్స గాడి తప్పినట్టే ఇందులోనూ తప్పుతుంది, అప్పుడు మోతాదో పద్ధతో మారుస్తాం తప్ప రోగిని వదిలెయ్యం. వాడిన మర్నాడు అపాయింట్‌మెంట్ ఉంటే ముఖ్యంగా రావలసింది ఆరోజే. అంతకుముందు గంటలో ఎక్కడ ఉన్నారు, ఎవరున్నారు, ఏం తాగారు అన్నది తాజాగా ఉన్నప్పుడు విప్పి చూస్తే వచ్చే వారానికి పనికొచ్చే సమాచారం దొరుకుతుంది. నెలకు రెండు మూడుసార్లు ఇలా జరుగుతుంటే వెళ్లి వచ్చే రోజులు పెంచుతాం, అప్పటికీ ఆగకపోతే లోపల చేరే సంగతి ఆలోచిస్తాం. అందుకని ఈరోజు తీసుకునే నిర్ణయం జీవితాంతానికి అనుకుని భయపడకండి.

ఒక ప్రమాదాన్ని మాత్రం దాచను. చాలా చోట్ల అమ్ముడయ్యే కొకెయిన్‌లో పశువులకు నులిపురుగుల మందుగా వాడే లెవమిసోల్ కలుపుతారు, అది రక్తంలో తెల్లకణాలను ప్రమాదకరంగా పడగొట్టగలదు, కాబట్టి కారణం తెలియని జ్వరం, గొంతునొప్పి వస్తే రక్తపరీక్ష చేయించాలి. కొన్ని దేశాల్లో ఫెంటానిల్ అనే చాలా బలమైన ఓపియాయిడ్ కూడా కలుస్తోంది, ఓపియాయిడ్లు అలవాటు లేని ఒంటికి అది కొద్దిపాటి మోతాదులోనే ఊపిరి ఆపేస్తుంది. మీరున్న చోట ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే నలాక్సోన్ అనే మందు దొరికితే ఇంట్లో ఉంచుకుని, ఎలా వాడాలో మీ ఆవిడకు కూడా చూపించమని ఫార్మసీలో అడగండి. దాన్ని దగ్గర పెట్టుకున్నంత మాత్రాన మళ్లీ వాడతారని ఎవరూ అనుకోరు.

మొదటి ఫోన్‌లో చెప్పవలసినది పెద్దగా ఏమీ లేదు: కొకెయిన్ వాడుతున్నాను, మద్యం కూడా తాగుతాను, మానాలనుకుంటున్నాను, ముందుగా పరీక్షించి ఏ స్థాయి చికిత్స కావాలో చెప్పగలరా అని అడిగితే చాలు. కొన్ని వారాల దాకా ఖాళీ లేదంటే పేరు రాయించి పెట్టి, అదే రోజున రెండో చోటికి కూడా ఫోన్ చెయ్యండి. ఈలోగా మీ మామూలు వైద్యుడి దగ్గర వారానికోసారి కనబడేలా ఏర్పాటు చేసుకుని, ఆ మూడో సమాధానంలో చెప్పిన బృందాల్లో ఒకదానికి వెళ్లడం మొదలుపెట్టండి.